మామ్మ చెప్పిన ‘డీమాపురం’

శ్రీకాకుళం జిల్లా మందస ప్రాంతం నుంచి ఒక ఉపాధ్యాయురాలు రాసిన పదకొండు పేజీల ఉత్తరం ఇది. పేరు, ఊరు వెల్లడించవద్దని కోరారు కనుక సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఆరేళ్ళు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తారు. తండ్రిగారి తల్లి, అంటే ఆమె మామ్మ, బాగా వయసు మళ్ళిన మనిషి. చూపు మందగించింది గాని మాట తడబడలేదు. రెండేళ్ళుగా సెలవులకు ఊరు వెళ్ళినప్పుడల్లా మామ్మ చెప్పేవన్నీ ఫోనులో రికార్డు చేస్తున్నారు. వాటిని చిన్న పుస్తకంగా కూర్చి, వచ్చే కార్తీకమాసానికి వంద ప్రతులు వేయించి చుట్టాలకు పంచాలని ఆమె కోరిక. మామ్మ మూడేళ్ళ పిల్లగా గోపాలపురం రేవులో ఓడెక్కి బర్మాలోని రంగూన్ వెళ్ళింది. తండ్రి అక్కడి రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. జపాను విమానాలు బాంబులు వేశాక ఆ కుటుంబం కొంత దూరం రైలు మీద, కొంత పడవ మీద, మిగిలినదంతా కాలినడకన కొండలు దాటి, ‘డీమాపురం’ అనే చోట మళ్ళీ రైలెక్కి, చివరికి మందస రోడ్డు స్టేషనులో దిగింది.

పుస్తకం సగం తయారయ్యేసరికి ఇంట్లో అభ్యంతరాలు మొదలయ్యాయి. మామ్మ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1940 జనవరి 1 అని ఉంది. ఆ లెక్కన 1942లో ఆ నడక నాటికి ఆవిడకు రెండేళ్ళు. రెండేళ్ళ పిల్లకు ఏమీ గుర్తుండదని, వాళ్ళమ్మ చెప్పినవే తాను చూసినట్టు చెబుతోందని, డీమాపురం అనే ఊరే ఈ జిల్లాలో లేదని పెదనాన్నగారి వాదన. రంగూన్ నుంచి వచ్చాకే, మందస రైతుల పోరాటంలో గున్నమ్మను పోలీసులు కాల్చారని, తాను చూశానని మామ్మ అంటుంది. ఆ కాల్పులు 1940లో జరిగాయి కదా అన్నది ఆయన రెండో ఆధారం. ఇక తండ్రిగారి అభ్యంతరం వేరు. 1970లో తాతగారిని, రాత్రివేళ కొందరికి అన్నం పెట్టారన్న అనుమానంతో పోలీసులు తీసుకువెళ్ళి నాలుగు నెలలు ఉంచారు. ఆ సంగతి అచ్చులోకి రాకూడదని ఆయన పట్టు.

మూడోది మామ్మకూ మనవరాలికీ మధ్య ఉన్నది. నడకలో మూడేళ్ళ తమ్ముడు ఉండేవాడు. “గుంటడు నడవనేకపోనాడు. జొరం. అమ్మ ఎత్తుకుంది, నాన ఎత్తుకున్నాడు. ఓ పొద్దున్న లెగిసి సూత్తే ఆడు మాతోటి నేడు. అమ్మనడిగితే నా నోరు నొక్కీసింది.” ఈ మాట మామ్మ తన పిల్లల్లో ఎవరికీ ఎన్నడూ చెప్పలేదు. మనవరాలికి చెప్పి, “ఇది రాయకమ్మా” అంది. వారం తరవాత తనంత తానే, “గుంటడి సంగతి రాసినావా?” అని అడిగింది. చరిత్ర చెప్పే టీచరుగా నిజం రాయాలా, మనవరాలిగా ఊరుకోవాలా అన్నది వారి ప్రశ్న.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందు వయసు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అది తేలడానికి కావలసినవన్నీ మీ చేతిలోనే ఉన్నాయి. మామ్మ తాను శ్రీముఖ నామ సంవత్సరం కార్తీకంలో పుట్టినట్టు వాళ్ళమ్మ చెప్పేదని మీరు నాలుగో పేజీలో ఒక్క వాక్యంగా రాసి వదిలేశారు. శ్రీముఖ అంటే 1933 ఉగాది నుంచి 1934 ఉగాది వరకు. అందులో కార్తీకం 1933 అక్టోబరు, నవంబరు నెలల్లో పడుతుంది. అరవై ఏళ్ళకు గాని ఆ పేరు తిరిగి రాదు కనుక ఇందులో పొరబాటుకు చోటు లేదు. రంగూన్ మీద తొలి బాంబులు పడింది 1941 డిసెంబరు 23న. అప్పటికి మామ్మకు ఎనిమిదేళ్ళు నిండాయి. ఎనిమిదేళ్ళ పిల్లకు నడిచిన దారి గుర్తుండటంలో వింతేమీ లేదు, జీవితమంతా గుర్తుంటుంది.

ఇంకొక లెక్క మీ ఇంట్లోనే ఉంది. మీ పెద్ద మేనత్తగారు శ్రీకాకుళం జిల్లా ఏర్పడిన ఏడాది పుట్టారని ఇంట్లో చెప్పుకుంటారని రాశారు. ఈ జిల్లాను విశాఖపట్నం జిల్లా నుంచి వేరు చేసింది 1950 ఆగస్టు 15న. ఆధార్ తేదీని నమ్మితే మామ్మ పదేళ్ళకు తల్లి అయిందని కూడా నమ్మాలి. పెదనాన్నగారు ఈ లెక్కను కాదనలేరు. అయితే ఆ లెక్కను నలుగురిలో ఆయన ముందు పెట్టవద్దని నా మనవి. ఆధార్ నమోదు నాడు మామ్మను తీసుకువెళ్ళి, తేదీ అడిగితే తోచినది చెప్పింది ఆయనేనని మీరే రాశారు. మన పల్లెల్లో ఆ తరం ముసలివాళ్ళలో ఎందరి కార్డుల మీదో జనవరి 1 అని ఉండటం మీరూ చూసే ఉంటారు. మీరు ‘తేదీ తప్పు’ అన్నప్పుడల్లా ఆయనకు ‘నువ్వు తప్పు చెప్పావు’ అని వినిపిస్తున్నట్టుంది. కార్డును ఇప్పుడు మార్పించే ప్రయత్నం చేయనక్కరలేదు. పింఛను, బ్యాంకు ఖాతా అన్నీ ఆ తేదీతోనే ముడిపడి ఉన్నాయి, ఈ వయసులో ఆవిడను కార్యాలయాల చుట్టూ తిప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. కార్డు మీది తేదీ కార్డు మీదే ఉండనిచ్చి, పుస్తకంలో శ్రీముఖ అని రాయండి.

ఇక డీమాపురం. ఆ ఊరు శ్రీకాకుళం జిల్లాలో దొరకదు, నాగాలాండ్‌లో ఉంది. అది డిమాపుర్. బర్మా నుంచి నడిచి వచ్చినవారికి రెండు ముఖ్యమైన దారులు ఉండేవి. ఒకటి ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి, అక్కడి నుంచి పడవల మీద చిట్టగాంగ్‌కు. రెండోది మాండలే మీదుగా చింద్విన్ నది దాటి, టమూ నుంచి మణిపూర్ కొండలెక్కి, ఇంఫాల్ మీదుగా డిమాపుర్ రైలు స్టేషనుకు. మామ్మ చెప్పినవి వరసగా పెట్టి చూడండి: పెద్ద నది, పడవ, ఆ తరవాత రోజుల తరబడి కొండలు, దారిలో టీ తోటల వాళ్ళు పెట్టిన అన్నం, డీమాపురంలో రైలు. ఆ రెండో దారిలో శరణార్థుల కోసం శిబిరాలు నడిపి, గంజి, అన్నం పెట్టినవారిలో అస్సాం టీ తోటల యజమానుల సంఘం ముఖ్యమైనది. తోటల కూలీలనే ఆ పనికి పంపారు. ఈ వివరం మామ్మ పుస్తకంలో చదివింది కాదు, ఆవిడకు చదువే రాదు. ఒక తెలుగు పిల్ల చెవిన పడిన డిమాపుర్, మన నోటికి అలవాటైన ‘పురం’ తగిలించుకుని ఎనభై ఏళ్ళకు పైగా అలాగే ఉండిపోయింది. దయచేసి పుస్తకంలో దాన్ని సరిదిద్దకండి. ‘డీమాపురం’ అనే ఉంచి, అది ఏ ఊరో కింద ఒక వాక్యం రాయండి.

ఇంటికి చేరిన సమయం కూడా ఆవిడ మాటల్లోనే దొరుకుతోంది. మందస రోడ్డులో దిగి ఇంటికి వెళ్ళేసరికి విశాఖపట్నం నుంచి పారిపోయి వచ్చిన బంధువులు అప్పటికే వసారాలో ఉన్నారంది. విశాఖ మీద జపాను బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. అంటే ఆ తరవాతే వీళ్ళు ఊరు చేరారు. తూర్పు నుంచి యుద్ధాన్ని తప్పించుకుని వచ్చినవారూ, పడమటి నుంచి అదే యుద్ధాన్ని తప్పించుకుని వచ్చినవారూ ఒకే వసారాలో పడుకున్న ఆ రాత్రి గురించి మామ్మను మళ్ళీ అడగండి. మీ ఉత్తరంలో అది రెండు వరుసల్లో ఉంది, రెండు పేజీలకు తగిన సంగతి.

తనను రంగూన్ వీధుల్లో పిల్లలు ‘కోరంగీ’ అని ఏడిపించేవారని, అదేదో ఊరి పేరేమో అని మీరు రాశారు. ఊరి పేరే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి తొలినాళ్ళలో ఓడలెక్కిన తెలుగువాళ్ళను బర్మాలో అలా పిలిచేవారు, పోనుపోను అది చులకన మాటగా మారింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. రేవు కూలీల్లో మనవాళ్ళు ఎక్కువ. 1930 మే నెలలో రేవు పని విషయంలోనే తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ పెద్ద అల్లర్లు జరిగాయి. మామ్మ తండ్రి ఆ తరవాతే వెళ్ళాడు. అల్లర్ల సంగతి తెలిసీ వెళ్ళాడంటే ఇక్కడి పేదరికం ఎంతటిదో ఆలోచించండి. మామ్మ ఇప్పటికీ వేళ్ళు మడిచి “తిట్, నిట్, తోన్” అని ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతుందని రాశారు కదా, అది బర్మా భాషే. తల్లి నేర్పిన లెక్క కాదది, వీధిలో ఆడుకున్న పిల్ల లెక్క.

గున్నమ్మ విషయంలో మాత్రం పెదనాన్నగారి మాటే నిజం, దాన్ని మీరు మనసారా ఒప్పుకోవాలి. మందస జమీందారీ మీద రైతులు తిరగబడినప్పుడు గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగి గున్నమ్మ చనిపోయింది 1940 ఏప్రిల్ 1న. అప్పుడు మామ్మ రంగూన్‌లో ఉంది, చూసి ఉండటానికి వీలు లేదు. కానీ ఆవిడ అబద్ధం చెబుతోందని కాదు. తిరిగి వచ్చాక ఆ ప్రాంతంలో ప్రతి ఇంటా, ప్రతి కళ్ళంలోనూ ఆ కథ విని ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్ల విన్నదాన్ని కళ్ళకు కట్టుకుంది, ఏళ్ళు గడిచేకొద్దీ అది చూసినదానిలో కలిసిపోయింది. మనందరి జ్ఞాపకాలూ ఇలాగే పని చేస్తాయి. ఒక జ్ఞాపకం విన్నది అని తేలినంత మాత్రాన మిగిలినవన్నీ విన్నవే అనడం పెదనాన్నగారి పొరబాటు. ఇది కూడా చూసిందే అని పట్టుబడితే అది మీ పొరబాటు అవుతుంది. రికార్డింగులు మళ్ళీ వింటూ, ఆవిడ చూసింది ఏది, విన్నది ఏది, తేల్చలేనిది ఏది అని మీ నోటుబుక్కులో గుర్తు పెట్టుకోండి. పుస్తకంలో గున్నమ్మ కథ ఉండాలి. అయితే ‘మామ్మ విన్న కథ’గా ఉండాలి. పెదనాన్నగారు పట్టుకున్న తేదీ వల్లే ఇది తేలిందని అక్కడే రాయండి. ఆయన పేరు ఆ పుటలో కనిపిస్తే ఈ పుస్తకంతో ఆయన తగువు కొంత తగ్గుతుందని నా నమ్మకం.

తాతగారి సంగతి క్లుప్తంగా చెబుతాను. 1967 అక్టోబరు 31న లేవిడిలో ఇద్దరు రైతులను కాల్చి చంపిన నాటి నుంచి 1970 వరకు ఈ జిల్లాలో జరిగిన రైతాంగ సాయుధ పోరాటం పుస్తకాలకెక్కిన చరిత్ర. అప్పట్లో పోలీసులు తీసుకువెళ్ళి విడిచిపెట్టిన మామూలు మనుషులు ఎందరో ఉన్నారు. తాతగారు కాలం చేశారు, ఆయన మీద కేసు కూడా పెట్టలేదంటున్నారు. ఆ మాట రాసినందుకు ఇవాళ మీ కుటుంబానికి ఇబ్బంది వస్తుందని నేను అనుకోవడం లేదు. కానీ మీ నాన్నగారి భయానికి ఆ నాలుగు నెలలే కారణమని గమనించండి. తండ్రిని తీసుకువెళ్ళిన నాడు ఆయనకు పదకొండేళ్ళు అని రాశారు. మామ్మ ఎనిమిదేళ్ళప్పటి సంగతిని నమ్ముతున్న మీరు, నాన్నగారి పదకొండేళ్ళ భయాన్ని కూడా అంతే గౌరవంతో వినాలి. ఆయన ఒప్పుకోకపోతే ఆ అధ్యాయం ఈసారికి ఆపండి, రికార్డింగు ఎక్కడికీ పోదు. ఒప్పుకుంటే రాయండి. ఏది జరిగినా ఒక జాగ్రత్త తప్పదు. పోలీసులకు చెప్పింది ఫలానా ఇంటివారని మామ్మ ఒక పేరు చెప్పిందని, వాళ్ళ మనవలు మీకు రెండిళ్ళ అవతల ఉంటున్నారని రాశారు. ఆ పేరు పుస్తకంలోకి రానీయకండి. అది మామ్మ అనుమానమే తప్ప రుజువున్న మాట కాదు, జవాబు చెప్పుకోవడానికి ఆ మనిషి బతికి లేడు. అచ్చులో పడితే రేపు మీ ఇంటి పిల్లలూ వాళ్ళింటి పిల్లలూ మాట్లాడుకోరు.

తమ్ముడి విషయం దగ్గరకు వచ్చేసరికి నాకూ రాయడం కష్టమైంది.

ఆ నడకలో బయలుదేరినవారు నాలుగు లక్షలకు పైగా అని చరిత్రకారుల అంచనా. కలరా, మలేరియా, ఆకలి, అలసటలతో వేలమంది దారిలోనే ఉండిపోయారు. మూడేళ్ళ పిల్లవాడు జ్వరంతో రాత్రికి రాత్రి పోయి ఉండవచ్చు. కూతురు చూడకూడదని తల్లిదండ్రులు చీకట్లోనే మట్టి చేసి ఉండవచ్చు. ఇంకొకటి జరిగి ఉండటానికి కూడా అవకాశం ఉంది, దాన్ని మీరూ ఊహించారు, ఉత్తరంలో ఆ వాక్యం రాసి కొట్టేశారు. మనకు తెలియదు. మామ్మకూ తెలియదు. ఆవిడ ఇన్నేళ్ళు మోస్తున్న బరువు తమ్ముడు పోవడం ఒక్కటే కాదు, ఎలా పోయాడో అడగనివ్వకపోవడం కూడా. కనుక మీరు ఏ ఊహనూ వాక్యంగా మార్చకండి.

“రాయకమ్మా” అన్న మాటకూ “రాసినావా?” అన్న మాటకూ పొంతన లేదని మీరు బాధపడుతున్నారు. నాకు తోచినది చెబుతాను, తప్పు కావచ్చు. మొదటిది నోరు నొక్కిన తల్లి మాట, కూతురి నోట వచ్చింది. రెండోది అక్క మాట. సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు మామ్మ ఎప్పుడూ ఒక చిన్న తువ్వాలు విడిగా పెడుతుందని, ఎవరికని అడిగితే “ఉండనీ” అంటుందని, తరవాత దాన్ని ఊళ్ళో ఎవరో ఒక చిన్నపిల్లాడికి ఇచ్చేస్తుందని రాశారు. అది పిల్లల తువ్వాలు అన్నది గమనించారు కదా. అప్పటి నుంచి ఆ కొలత మారలేదు. ఆవిడ దాచింది మాటను మాత్రమే, మనిషిని దాచలేదు.

మీ ముందు ఉన్న దారులు చూద్దాం. తమ్ముడి సంగతి పూర్తిగా వదిలేస్తే మాట నిలబెట్టుకున్నవారవుతారు. కానీ ఫోనులో ఆ గొంతు ఉంది. పదేళ్ళ తరవాత ఎవరో వింటారు, పుస్తకం ఎందుకు దాచిందని అడుగుతారు. అప్పుడు జవాబు చెప్పవలసింది మీరొక్కరే. మొత్తం రాస్తే, మీ పెదనాన్న, నాన్న, మేనత్తలు తమకొక మేనమామ ఉండేవాడని తల్లి నోట వినకుండా అచ్చులో చదువుతారు. ఆ నొప్పి చిన్నది కాదు. పైగా కార్తీకమాసం వనభోజనాల్లో ఎవరో ఒకరు “వదిలేశారా ఏమిటి?” అంటారు. ఆ మాట మామ్మ చెవిన పడుతుంది. మూడోది, ఆవిడ చూసింది చూసినంతవరకే రాయడం: తెల్లవారేసరికి తమ్ముడు లేడు, అమ్మ మాట్లాడనివ్వలేదు, మేము నడిచాం. అంతకు ముందు గాని, తరవాత గాని ఒక్క అక్షరం కలపకపోవడం. నాలుగోది, ఇప్పటి పుస్తకంలో లేకుండా, మామ్మ తరవాత చదవడానికి విడిగా రాసి పెట్టడం. అలా చేస్తే ఆవిడకు చెప్పే చేయాలి, చాటున చేస్తే అది దొంగతనమే. నా మొగ్గు మూడోదాని వైపు, అదీ ఆవిడ ఒప్పుకుని, పుస్తకం రాకముందే తన పిల్లలకు తనే చెప్పగలిగితేనే. చెప్పలేనంటే నాలుగోది. అదీ వద్దంటే మొదటిదే, వెనకాడకుండా.

ఆవిడ ఇష్టం తెలుసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. చదువు రాదు, చూపూ మందగించింది కనుక మీరు రాసినది ఆవిడ తనంత తాను చదువుకోలేదు. ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఫోను లోపలే వదిలేసి, కాగితాలు పట్టుకుని పక్కన కూర్చుని మొదటి నుంచి చదివి వినిపించండి. వింటూ దిద్దుతుంది, మీరు రాసుకోండి. కొండ దగ్గరకు వచ్చినప్పుడు ఆపి, “ఇక్కడ ఏం రాయమంటావు మామ్మా?” అని అడగండి. జవాబు వెంటనే రాకపోతే తొందరపెట్టకండి, మరుసటి రోజు చదవండి. మా అమ్మమ్మ విజయనగరంలో కూర్చుని యుద్ధకాలపు బియ్యం కరువు గురించి చెబుతూ ఒకచోట ఆగిపోయేది. అక్కడ ఏముందో నేను ఒక్కసారి కూడా అడగలేదు, ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు. మీకు ఆ అవకాశం ఇంకా ఉంది.

రంగూన్ నుంచి తెచ్చిన లక్క డబ్బాలో ఆకువక్కలతో పాటు ఒక చిన్న మువ్వ ఉందని, అది తమ్ముడి మొలతాడుదని మామ్మ చూపించిందని చివరి పేజీలో రాశారు. పెచ్చులూడిన ఆ డబ్బా రంగూ, లోపలి ఎరుపూ, ఎక్కడ అతుకు వేశారో అన్నీ రాశారు. తిత్లీ తుపానులో పెంకులు ఎగిరిపోయిన రాత్రి మామ్మ ఒళ్ళో పట్టుకుని కూర్చుంది దాన్నే అని కూడా రాశారు. పదకొండు పేజీల్లో ఆ పిల్లవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆవిడ చెప్పలేదో, మీరు అడగలేదో నాకు తెలియదు. మిగిలినవన్నీ తరవాత చూసుకోవచ్చు, ముందు వెళ్ళి ఆ పేరు అడగండి.